గాలిలో డీడీటీ కొలవాలంటే పంపు శాంప్లరా, ఫోమ్ బిళ్లా?

హైదరాబాద్ శివార్లలో ఈ రెండింటినీ ఏళ్ల తరబడి పక్కపక్కనే పెట్టి వాడాను. డీడీటీ, హెచ్‌సీహెచ్ అనే పురుగుమందులు, పాత ట్రాన్స్‌ఫార్మర్ నూనెల్లో ఉండే పీసీబీల లాంటి, ఏళ్ల తరబడి కరిగిపోని మొండి రసాయనాల కోసం ల్యాబ్‌కు ఏది కొనాలని చాలామంది అడుగుతున్నారు.

పంపుతో గాలిని లాగే హై వాల్యూమ్ శాంప్లర్ 24 గంటల్లో దాదాపు 300 ఘనపు మీటర్ల గాలిని లాగుతుంది. ధూళికి అంటుకున్నది ముందున్న ఫిల్టర్‌లో ఆగుతుంది, ఆవిరిగా ఉన్నది వెనక ఫోమ్‌లో చిక్కుతుంది. ఫలానా రోజు ఇంత ఉందని ధైర్యంగా రాయగలిగేది దీంతోనే. పక్కన చెత్త తగలబెట్టిన రోజును పట్టుకోవాలన్నా ఇదే దిక్కు. కానీ కరెంటుతోనే తంటా. వోల్టేజి పడిపోతే లాగే గాలీ తగ్గుతుంది, మధ్యలో కరెంటు పోతే ఆ శాంపిల్‌ను నమ్మలేం. మోటారు కార్బన్ బ్రష్‌లు అరిగిపోతుంటాయి, మార్చినప్పుడల్లా ఎంత గాలి లాగుతోందో మళ్లీ సరిచూడాలి (కాలిబ్రేషన్). పైగా రాత్రంతా ఒకటే హోరు, మేడ మీద పెడతామంటే ఇంటివాళ్లు ఒప్పుకోరు.

ఫోమ్ బిళ్లకు ఇవేవీ అక్కర్లేదు. 14 సెంటీమీటర్ల వెడల్పు, 1.35 సెంటీమీటర్ల మందం. ఎదురెదురుగా ఉన్న రెండు స్టీలు గిన్నెల మధ్య పెట్టి వేలాడదీస్తే మూడు నెలలు దాని పని అది చేసుకుంటుంది. 2004 చివర్లో కెనడా శాస్త్రవేత్తల ఆధ్వర్యంలో మొదలైన, ప్రపంచమంతటా గాలిలోని ఈ రసాయనాలను కొలిచే గ్యాప్స్ నెట్‌వర్క్ ఖండాలన్నిటా వాడింది ఈ బిళ్లలనే. పెట్టేటప్పుడు తెల్లగా ఉన్నది తీసేసరికి బూడిదరంగుకు తిరిగి ఉంటుంది.

చిక్కల్లా అంకె దగ్గరే. రోజుకు సుమారు 4 ఘనపు మీటర్లు పీలుస్తుందన్నది ఒక అంచనా, గాలి జోరును బట్టి మారిపోతుంది. మన ఎండలకు హెక్సాక్లోరోబెంజీన్ లాంటి, సులువుగా ఆవిరయ్యే రసాయనాలతో ఫోమ్ త్వరగా నిండిపోతుంది. ఆ తర్వాత కొత్తగా పట్టదు, పట్టింది కూడా గాలిలోకి తిరిగి పోతుంటుంది. అందుకే గాలిలో మామూలుగా కనబడని రసాయనాలను ముందే బిళ్లకు ఎక్కించి, చివరికి ఎంత పోయిందో చూసి బిళ్ల గాలిని పీల్చిన వేగం లెక్కగడతాం. ఆ పని చేయని బిళ్ల ఫలితాన్ని నేను ఘనపు మీటరుకు ఇంత అని రాయను, బిళ్లకు ఇంత అనే రాస్తాను.

అసలు ఖర్చు ఫోమ్‌లోంచి రసాయనాలను ద్రావకంతో బయటికి తీసే సాక్స్‌లెట్, వాటిని విడదీసి కొలిచే జీసీ-ఎంఎస్ యంత్రం దగ్గర అవుతుంది, అది రెండింటికీ తప్పదు. మూడు నెలలకు ఒక్క శాంపిల్ చాలు కాబట్టి బిళ్లదే చవక బేరం. నన్నడిగితే ఒకచోట పంపు పెట్టండి, దాని పక్కనా, మిగతా ఊళ్లన్నిటా బిళ్లలు కట్టండి. ప్రతి విడతలోనూ ఒక బిళ్లను అక్కడిదాకా తీసుకెళ్లి, ఫాయిల్ విప్పి, వెంటనే చుట్టేసి వెనక్కి తెండి. అందులో తేలినంత మిగతా బిళ్లల్లోనూ తేలితే, ఆ ఫలితం గాలిది కాదు.