బ్రాడీపేట ప్రపంచ చరిత్ర నోట్స్: ఇద్దరు బోతాలు ఒకడయ్యారు, ఒక ఫెర్‌వూర్ట్ ఇద్దరయ్యాడు

మా తమ్ముడి కొడుకు సివిల్స్‌కి చదువుతున్నాడు. మెయిన్స్ జనరల్ స్టడీస్ మొదటి పేపర్లో ప్రపంచ చరిత్ర ఉంది, తెలుగులో నోట్స్ ఏమైనా దొరుకుతాయా అత్తా అన్నాడు. గుంటూరులో నోట్స్ అంటే బ్రాడీపేటకే పోవాలి. కోచింగ్ సెంటర్ల మధ్య ఒక జిరాక్స్ షాపులో స్పైరల్ బైండింగ్ చేసి అమ్ముతున్నారు. 236 పేజీలు, 320 రూపాయలు. ఇరవై తగ్గించమంటే "పేపరు రేటు చూస్తున్నారుగా మేడమ్" అన్నాడు షాపతను. రాసినవాళ్ల పేరు ఎక్కడా లేదు. షాపు పేరు నేనూ రాయడం లేదు.

నేను ముప్పై ఒక్క ఏళ్లు హైస్కూల్లో సోషల్ చెప్పాను. ఏ పుస్తకం చేతికొచ్చినా ముందు దక్షిణాఫ్రికా పాఠమే తీస్తాను. 1991 నవంబరు 10న కలకత్తాలో దక్షిణాఫ్రికా జట్టు మనతో వన్డే ఆడింది. మర్నాడు సోమవారం ఎనిమిదో తరగతిలో ఒకడు లేచి "ఇన్నేళ్లూ వీళ్లని ఎందుకు ఆడనివ్వలేదండీ" అని అడిగాడు. అక్కడ తెల్లవాళ్లు నడిపిన వర్ణవివక్ష పాలన గురించి చెప్తూ ఆ పీరియడంతా దానికే పోయింది. ఇప్పటికీ నాకది ఇష్టమైన పాఠం. అందుకే ఈ నోట్స్ మీద కాస్త కోపం ఎక్కువే వచ్చింది.

ముందు బాగున్నవి చెప్తాను. అక్షరాలు పెద్దవి, కళ్లజోడు లేకుండా చదవొచ్చు. గాంధీ, స్మట్స్ (అప్పుడు దక్షిణాఫ్రికా మంత్రి, తర్వాత ప్రధాని) గురించిన రెండు పేజీలు నిజంగా బాగా రాశారు. జైల్లో గాంధీ తన చేత్తో చెప్పులు కుట్టి తనను జైల్లో పెట్టిన స్మట్స్‌కే ఇవ్వడం, అక్కడి భారతీయుల హక్కుల మీద ఇద్దరి మధ్య 1914 ఒప్పందం, అన్నీ ఉన్నాయి. అదే స్మట్స్ ఐక్యరాజ్యసమితి చార్టర్ పీఠిక రాయడంలో చెయ్యి వేశాడని, మరుసటేడే భారతీయుల భూమి హక్కుల మీద ఆయన తెచ్చిన చట్టం గురించి మన దేశం అదే సమితిలో ఫిర్యాదు చేసిందని కూడా రాశారు. ఈ రెండు పేజీలు ఎవరో వేరే మనిషి రాసి ఉంటారు.

ఎందుకంటే అక్కణ్ణుంచి అంతా గందరగోళమే. "బోతా (1910–1989)" అని ఒక హెడ్డింగు ఉంది. డెబ్బై తొమ్మిదేళ్లు ఒక్కడే ఏలాడా! లూయీ బోతా బోయర్ (డచ్ సంతతి తెల్లవాళ్ల) జనరల్, 1910లో దక్షిణాఫ్రికా యూనియన్ ఏర్పడినప్పుడు మొదటి ప్రధాని, 1919లో పదవిలో ఉండగానే పోయాడు. పి.డబ్ల్యూ. బోతా 1978లో ప్రధాని అయినవాడు, 1984 నుంచి 1989 దాకా అధ్యక్షుడు. వీళ్లిద్దరూ చాలరన్నట్టు విదేశాంగ మంత్రి పిక్ బోతా ఇంకొకడు ఉన్నాడు. మా క్లాసులో ఒకసారి ముగ్గురు వెంకటేశ్వర్లు ఉండేవాళ్లు. ఒకడి మార్కులు ఇంకొకడికి వేస్తే తల్లిదండ్రులు స్కూలుకొచ్చి నిలదీసేవాళ్లు. ఇక్కడ నల్లవాళ్లు దేశంలో చాలా చోట్ల భూమి కొనకుండా చేసిన 1913 చట్టం, నల్లవాళ్లకు చోటు లేని 1984 మూడు సభల పార్లమెంటు ఒకే మనిషి ఖాతాలో పడ్డాయి. నిలదీసేవాళ్లు ఎవరూ లేరు.

ఇద్దరు ఒకడైతే, ఒకడు ఇద్దరయ్యాడు. 128వ పేజీలో "వెర్వోర్డ్", 133లో "ఫెర్‌వూర్ట్". రెండు వేర్వేరు ఇంగ్లిషు పుస్తకాల్లోంచి ఎత్తి రాసుంటారు. మొదటాయన నల్లవాళ్ల పిల్లలకు వేరే నాసిరకం చదువు పెట్టిన బంటూ విద్యా చట్టం తెచ్చాడట, రెండో ఆయన 1966లో పార్లమెంటులోనే కత్తిపోట్లకు చనిపోయాడట. బాబూ, ఇద్దరూ ఒకరే. ఆమ్‌స్టర్‌డామ్‌లో పుట్టి, స్టెలెన్‌బాష్‌లో ప్రొఫెసరుగా చేసి, 1958లో ప్రధాని అయినవాడు. నల్లవాళ్ల పిల్లలకు కొన్ని కూలిపనులకు మించిన చదువు దేనికని చట్టసభలోనే అన్న మనిషి ప్రొఫెసరు కావడం పాఠంలో చెప్పాల్సిన ముఖ్యమైన విషయం. అదే పోయింది.

నన్ను బాగా బాధపెట్టింది మాత్రం 130వ పేజీలో ఒకే ఒక్క లైను: "స్ట్రిజ్‌డోమ్: 1954–58. ముఖ్య సంఘటనలు లేవు." ముందు, ఆ ప్రధాని పేరు స్ట్రెయ్‌డోమ్ అని పలకాలి. తర్వాత, సంఘటనలు లేకపోవడమేంటి? కేప్ ప్రాంతంలో మిశ్రమ జాతి వాళ్లకు తెల్లవాళ్లతో పాటు ఓటుండేది. అది తీసేయాలంటే రెండు సభలూ కలిసి కూర్చుని మూడింట రెండొంతుల మెజారిటీతో ఒప్పుకోవాలని రాజ్యాంగంలో రాసుంది. అంతకుముందు ప్రధానిగా ఉన్న మలాన్ ఆ దారి తప్పించి చట్టం చేస్తే కోర్టు కొట్టేసింది. స్ట్రెయ్‌డోమ్ ఏం చేశాడో తెలుసా? సెనేట్‌లో 48 మంది ఉంటే 89 చేశాడు. కొత్త కుర్చీలన్నీ తన పార్టీ చేతికి వచ్చేలా చూసుకున్నాడు. 1956లో లెక్క సరిపోయింది, ఓటు పోయింది. లాఠీ ఎత్తలేదు, తుపాకీ పేల్చలేదు, కుర్చీలు పెంచాడంతే. అదే ఏడు ఆగస్టు 9న పాసు చట్టాలు (నల్లవాళ్లు ఎక్కడికెళ్లినా పాసు దగ్గరుంచుకోవాలనేవి) వద్దని దాదాపు ఇరవై వేల మంది ఆడవాళ్లు ప్రిటోరియాలో ఆయన ఆఫీసు దాకా నడిచి వచ్చారు. ఆయన వాళ్ల ముందుకే రాలేదు. ఇవి ముఖ్య సంఘటనలు కావట!

1948 గురించి కూడా "ప్రజలు మలాన్‌కు పట్టం కట్టారు" అని రాశారు. ప్రజలంటే ఎవరు? ఓటున్నవాళ్లు దాదాపు అందరూ తెల్లవాళ్లే, వాళ్లలోనూ మలాన్ వైపు పడ్డ ఓట్లు స్మట్స్ వైపు కంటే తక్కువ. పల్లె సీట్లలో తక్కువ ఓట్లకే గెలవొచ్చు కాబట్టి సీట్లు ఎక్కువొచ్చాయి. మావాడికి ఇది ఫోన్లో చెప్తే "ఇది మంచి పాయింటు అత్తా, ఎక్కడా లేదు" అన్నాడు. ఉండాల్సింది అక్కడే కదరా.

ఇక జిరాక్స్ సంగతి. 140వ పేజీ రెండుసార్లు పడింది, 141 లేదు. 140 చివర 1976లో గణితం, సోషల్ డచ్ సంతతి తెల్లవాళ్ల భాష ఆఫ్రికాన్స్‌లో చదవాలన్నందుకు జొహానెస్‌బర్గ్ పక్కన నల్లవాళ్ల బస్తీ సొవెటోలో పిల్లలు రోడ్డెక్కారని ఉంది (మా సబ్జెక్టే, చూశారా). 142 మొదట "దాంతో ఆయన రాజీనామా చేశాడు" అని ఉంది. ఇది చదివిన పిల్లలు అప్పటి ప్రధాని ఫోర్స్టర్ సిగ్గుపడి దిగిపోయాడనుకుంటారు. అంత లేదు. పిల్లల మీద కాల్పులు జరిగాక రెండేళ్లు ప్రధానిగానే ఉన్నాడు. 1978లో దిగి అధ్యక్షుడై కూర్చున్నాడు. ప్రభుత్వ సొమ్ము రహస్యంగా ప్రచారానికి, ఒక పత్రిక పెట్టడానికి వాడిన కుంభకోణంలో ఇరుక్కుని 1979లో ఆ పదవీ వదిలాడు.

చివర్లో వర్ణవివక్ష కాలపు ఆఖరి అధ్యక్షుడు డి క్లెర్క్‌కు నాలుగు పేజీలు, పొగడ్తలే. మండేలాను విడుదల చేస్తామన్న 1990 ఫిబ్రవరి 2 ప్రసంగం పెద్ద విషయమే, కాదనను. కానీ ఆయన తండ్రి మంత్రి, మేనత్త భర్త ఎవరనుకున్నారు, ఆ "ముఖ్య సంఘటనలు లేని" స్ట్రెయ్‌డోమే. ఆ ఇంట్లోంచి వచ్చినవాడు అటు తిరగాల్సి వచ్చిందంటే బయట ఒత్తిడి ఎంతుందో రాయాలి. ఆంక్షలు, సమ్మెలు, అప్పులు ఆగిపోవడం, ఒక్క ముక్క లేదు.

పేజీ లేదని తీసుకెళ్తే "ఒరిజినల్లోనే లేదు మేడమ్" అన్నాడు షాపతను. డబ్బులు వెనక్కివ్వడట. నేను ఎర్ర పెన్నుతో దిద్దిన కాపీ చూసి మాత్రం ఆగాడు. "ఇది నాకిచ్చేయండి టీచరు గారూ, దీన్నే మాస్టర్ కాపీ పెట్టుకుంటా" అన్నాడు. నా 320 ఇస్తే ఇస్తానన్నాను. కాసేపు బేరమాడి 200, ఒక టీ దగ్గర ఆగింది. 141వ పేజీ నేనే తెల్లకాగితం మీద రాసి మధ్యలో దూర్చాను.

ఐదుకు రెండు ఇస్తున్నాను. ఈ నెల తర్వాత కొనేవాళ్లు మూడు అనుకోవచ్చు. జిరాక్స్‌లో ఎర్ర సిరా కూడా నల్లగానే పడుతుంది కాబట్టి తప్పేదో దిద్దుబాటేదో తెలియకపోవచ్చు. పక్కకు వాలిన చేతిరాత కనిపిస్తే అది నాది, దాన్ని నమ్మండి.