కొసరు పాయింటు: పదహారు సెప్టెంబర్లు ఫుటీ ఫైనల్స్ చూశాక

ఫుటీ, అంటే ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్, ఎలా ఆడతారు, బంతి కోడిగుడ్డులా ఎందుకుంటుంది లాంటివి నేను రాయను. మెల్‌బోర్న్‌లో దిగిన వారంలోపే ఎవరో ఒకరు మీకు చెప్పే ఉంటారు, మీరు అర్థమైనట్టు తలూపే ఉంటారు. ఏ క్లబ్బు పట్టుకోవాలో కూడా చెప్పను. నాది కాలింగ్‌వుడ్. 2010లో నేను పనికి చేరిన గోడౌన్‌లో మా సూపర్‌వైజర్ ఆ క్లబ్బు మనిషి, అందుకని నేనూ అదే, ఇంతకన్నా గొప్ప కారణం ఏమీ లేదు. నేను రాయాలనుకున్నది ఒక్క బిహైండ్ గురించి.

నాలుగు స్తంభాల్లో మధ్య రెండింటి నడుమ నుంచి తన్నితే గోల్, ఆరు పాయింట్లు, పక్క సందులోంచి పోతే బిహైండ్, ఒకటి. అంటే గురి తప్పినందుకు ఒక పాయింటు. మొదట్లో ఇదేం దానధర్మంరా బాబూ అనుకున్నాను, స్టంపులకి అంగుళం పక్కనుంచి పోయిన బంతికి క్రికెట్‌లో అర వికెట్టు ఇస్తారా? తర్వాత ఒకసారి అమ్మతో ఫోన్లో మాట్లాడుతుంటే తట్టింది. గుంటూరు రైతుబజార్లో తూకం అయిపోయాక కూడా అమ్మ సంచి మూతి తెరిచి పట్టుకుని అలాగే నిలబడేది, గుప్పెడు పచ్చిమిరపకాయలో, నాలుగు కరివేపాకు రెబ్బలో పడేదాకా కదిలేది కాదు. బిహైండ్ అంటే అదే, కొసరు. అప్పట్నుంచి మా ఇంట్లో దాని పేరు అదే.

నేను చూసిన మొట్టమొదటి గ్రాండ్ ఫైనలే ఈ కొసరు దగ్గర ఆగిపోయింది. 2010, సెయింట్ కిల్డాతో. ఫుట్‌స్క్రేలో ఆరుగురం ఉండే ఇల్లు, ఒకటే టీవీ. చివరి నిమిషాల్లో సెయింట్ కిల్డా ఆటగాడు లెనీ హేస్ కొట్టిన పొడవాటి తన్ను నేల మీద పడి, వాళ్లవాడే స్టీఫెన్ మిల్న్ చేతికి రావాల్సింది పక్కకి ఎగిరి, సందులోంచి బిహైండ్ అయింది. 68-68. సైరన్. నేను సూపర్ ఓవర్ లాంటిదేదో ఉంటుందని కుర్చీ ముందుకు జరుపుకున్నాను, చూస్తే ఆటగాళ్లు ఎక్కడివాళ్లక్కడ కూలబడిపోయారు. వచ్చే శనివారం మళ్లీ రండి అన్నారు! పెళ్లి తంతంతా అయ్యాక తాళి వచ్చే వారం కడతాం అన్నట్టు. ఆ వారం మేం 56 పాయింట్ల తేడాతో గెలిచాం కానీ మొదటిదానిలో ఉన్నంత టెన్షన్ అందులో లేదు. 2016లో ఆ పద్ధతి తీసేసి అదనపు సమయం పెట్టారు, మంచిదే అనుకోండి, నాకు మాత్రం ఆ వారం రోజుల దిగులు మళ్లీ ఎవరికీ దొరకదే అనిపిస్తుంది.

డ్రా అయిన తర్వాతి సోమవారం టీ బ్రేక్‌లో మా సూపర్‌వైజర్ 1966 సంగతి చెప్పాడు. అప్పుడాయనకి పదేళ్లు, వాళ్ల నాన్నతో ఎంసీజీలో ఉన్నాడట. ఇదే కాలింగ్‌వుడ్, ఇదే సెయింట్ కిల్డా, స్కోర్లు సమానంగా ఉన్నాయి, చివర్లో సెయింట్ కిల్డా ఆటగాడు బ్యారీ బ్రీన్ తన్నిన బంతి వంకర టింకరగా దొర్లుకుంటూ పోయి బిహైండ్ అయింది. 74-73. సెయింట్ కిల్డాకి ఈ రోజుకీ ఉన్న ఒకే ఒక్క టైటిల్ అది. ఈ కథ చెప్తున్నంతసేపూ ఆయన కప్పు తాగకుండా చేతిలో తిప్పుతూనే ఉన్నాడు. ఆయనకి బిహైండ్ అంటే గిట్టదు, నాకేమో ముచ్చట, పదేళ్లు ఇదే వాదన.

అయితే నా ముచ్చట కూడా అన్నేళ్లూ ఒకేలా లేదని ఒప్పుకోవాలి. 2018 గ్రాండ్ ఫైనల్‌లో వెస్ట్ కోస్ట్ మీద మొదటి ఐదు గోల్స్ మావే. ఆఖర్న వాళ్ల డామ్ షీడ్ బౌండరీ గీత దగ్గర్నుంచి, అసలు కోణమే లేని చోటునుంచి గోల్ కొట్టాడు, ఐదు పాయింట్ల తేడాతో పోయింది. గోల్స్ చూస్తే వాళ్లవీ 11, మావీ 11. కొసర్లు వాళ్లవి 13, మావి 8. మరుసటి ఏడాది క్రికెట్ ప్రపంచ కప్పు బౌండరీలు లెక్కబెట్టి ఇచ్చేశారని మనవాళ్లంతా గోల పెడుతుంటే నేను నోరెత్తలేదు, మాకు అలవాటే. ఆ 2019లోనే ప్రిలిమ్‌లో, అంటే గ్రాండ్ ఫైనల్‌కి ముందరి మ్యాచ్‌లో, గ్రేటర్ వెస్టర్న్ సిడ్నీ (జీడబ్ల్యూఎస్) చేతిలో నాలుగు పాయింట్లతో ఓడాం, అక్కడ కొసర్లు మావే ఎక్కువ, గోల్ ఒకటి తక్కువ. 2022లో సిడ్నీ స్వాన్స్‌తో ప్రిలిమ్ జరుగుతున్నప్పుడు నేను ఒక ఫ్రెండ్ వాళ్ల సీమంతంలో భోజనాల పంక్తిలో కూర్చుని ఉన్నాను, ఫోన్ విస్తరి అంచుకి ఆనించి పెట్టుకుని. 14 గోల్స్ వాళ్లవి, 14 మావి, కొసర్లు 11కి 10. ఒక్క పాయింటు! పెరుగన్నం అలాగే వదిలేసి లేచాను, మా ఆవిడ ఇంటికొచ్చేదాకా ఆ మాట తీయలేదు, ఇంటికొచ్చాక తీసింది.

ఇంత జరిగాక ఎందుకు ముచ్చట అంటే 2023 ప్రిలిమ్ గురించి చెప్పాలి.

శుక్రవారం రాత్రి, వినాయక చవితి వారం, మళ్లీ జీడబ్ల్యూఎస్‌తోనే. మా అమ్మాయికి తొమ్మిదేళ్లు, అప్పటికి ఆస్‌కిక్‌లో, అంటే పిల్లల ఫుటీలో, రెండేళ్లు ఆడింది, ఫైనల్ ఎప్పుడూ మైదానంలో చూడలేదు. టార్నీట్ స్టేషన్లో రైలెక్కేసరికి బండి నిండా నలుపు తెలుపు స్కార్ఫులే. సంచిలో నీళ్ల సీసా, పక్క వీధిలో వాళ్ల పూజ నుంచి పంపిన పులిహోర డబ్బా, తన రఫ్ నోట్‌బుక్. స్కోరు నేనే రాస్తానని పట్టు పట్టింది. పేజీని గీతలు గీసి నాలుగు గళ్లు చేసుకుంది: మా గోల్, మా కొసరు, వాళ్ల గోల్, వాళ్ల కొసరు.

పై అంతస్తులో, వెనకనుంచి మూడో వరస. 97 వేల పైచిలుకు జనం. మాకు అటు పక్కన ఒక పెద్దమనిషి పై (pie, కూర కూరిన రొట్టెలాంటిది) తింటున్నాడు, కాలింగ్‌వుడ్ వాడు ఎవడు గురి తప్పినా ఆ పై ఉన్న చెయ్యే పైకెత్తి తిట్టేవాడు, టమాటా సాస్ ముందు వరస సీటు వెనక మీద పడేది. ఆ రాత్రి మావాళ్లు తప్పుతూనే ఉన్నారు. ప్రతి బిహైండ్‌కీ మా వైపు స్టాండంతా ఒక్కసారిగా మూలిగేది, వేలమంది ఒకేసారి మూలిగితే ఎలా ఉంటుందో టీవీలో తెలియదు, కుర్చీలోంచి వెన్నులోకి వస్తుంది. మా అమ్మాయి మాత్రం అందరూ మూలుగుతున్న ప్రతిసారీ తలొంచి శ్రద్ధగా ఒక గీత గీసేది. మధ్యలో ఎప్పుడో పెన్ను మొండికేసింది. విదిలించింది, నోటి ఆవిరి పట్టింది, రాయలేదు. ఇంకో పెన్ను లేదు. అయినా ఆపలేదు, సిరా లేని పెన్నుతోనే కాగితం మీద గట్టిగా నొక్కి గీస్తూ పోయింది.

చివరి నిమిషాల్లో ఏం జరిగిందో నన్నడగకండి. అందరూ లేచి నిలబడ్డారు, ముందువాళ్ల భుజాల సందులోంచి నాకు కనిపించింది బంతి కోసం ఒకరి మీద ఒకరు పడుతున్న గుంపు, అంతే. పాప సీటెక్కి నా మెడ పట్టుకుంది. సైరన్ వినపడలేదు, ఆ అరుపుల్లో ఎలా వినపడుతుంది, ఆ పై తింటున్న పెద్దమనిషి నన్ను కావలించుకుంటే గెలిచామని తెలిసింది. పాప మాత్రం కిందికి దిగి నోట్‌బుక్ తీసి, ఫ్లడ్‌లైట్ వెలుతురు ఏటవాలుగా పడేలా పేజీని అటూ ఇటూ తిప్పింది. సిరా లేని గీతలు అప్పుడు కనిపించాయి. వేలితో తడిమి లెక్కబెట్టింది. "నాన్నా, ఎనిమిది ఎనిమిది. పది తొమ్మిది." 58-57.

నేను చాలాసేపు ఆ పేజీనే చూశాను. ఆ స్టాండంతా శాపనార్థాలు పెట్టిన పదింటిలో ఏ ఒక్కటి లేకపోయినా మ్యాచ్ మాది కాదు. ఏది మమ్మల్ని గెలిపించిందంటే చూపించడానికి కూడా లేదు, పదింటికి పదీ. తిరుగు ప్రయాణంలో రైలు లేదన్నారు, బదులు బస్సు, ఇల్లు చేరేసరికి ఒంటిగంట దాటింది, పులిహోర బస్సులో తిన్నాం.

ఆ పై వారం గ్రాండ్ ఫైనల్ బ్రిస్బేన్‌తో. టికెట్లు అమ్మే సైట్లో రెండు గంటలు చక్రం తిరుగుతుంటే చూసి, చివరికి అయిపోయాయి అని చూపిస్తే, ఇంట్లోనే బిర్యానీ పెట్టుకుని చూశాం. 2010లో ఆడిన పెండిల్‌బరీ, సైడ్‌బాటమ్ ఇంకా ఆడుతుండటం ఒక వింత. మా బాబీ హిల్ నాలుగు గోల్స్ కొట్టాడు. ఆఖర్న వాళ్ల చార్లీ క్యామెరన్ గోల్‌తో తేడా నాలుగుకి దిగింది, అక్కడే ఆగింది, 90-86. ఇప్పుడు గోల్స్ చూడండి: వాళ్లవి 13, మావి 12. గోల్స్‌లో ఓడి కప్పు గెలిచాం! కొసర్లు వాళ్లవి 8, మావి 18. మ్యాచ్ నడుస్తున్నంతసేపూ "నేరుగా తన్నండ్రా" అని మెసేజ్‌లు పెడుతూ వచ్చిన మా పాత సూపర్‌వైజర్, అయిపోయిన పావుగంటకి ఫోన్ చేశాడు. కాసేపు మాట లేదు. తర్వాత "పద్దెనిమిదా?" అన్నాడు. పెట్టేశాడు.

ఇంత పొగిడాను గానీ రెండు మాటలు వెనక్కి తీసుకోవాలి. ఒకటి, ఇది ఎప్పుడూ పుణ్యంగా వచ్చే కొసరు కాదు. 2008 గ్రాండ్ ఫైనల్‌లో, నేను రాకముందు, హాథార్న్ వాళ్లు ఒత్తిడి వచ్చినప్పుడల్లా తమ సందులోంచి తామే బంతి తోసేసి ఒక పాయింటు పారేసి ఆరు కాపాడుకున్నారు. అలా తోసినవి 11. పాపం జీలాంగ్ లెక్క 11 గోల్స్, 23 బిహైండ్లు, అయినా 26 పాయింట్ల తేడాతో ఓడింది. అంగడివాడే పుచ్చు మిరపకాయలు సంచిలో కుక్కి పొమ్మన్నట్టు. 2009 నుంచి కావాలని తోస్తే ఫ్రీ కిక్ ఇచ్చే రూలు తెచ్చారు. రెండోది, ఐదు పాయింట్ల ఆధిక్యంలో ఉన్నప్పుడు వచ్చే ఒక్క పాయింటుకి విలువుంది, దాంతో తేడా ఆరవుతుంది, అవతలివాడు గోల్ కొట్టినా సమానమే తప్ప గెలుపు కాదు. కానీ ఆ పాయింటుతోపాటు బంతి వాళ్ల చేతికే పోతుంది. ఆ చివరి నిమిషంలో కొసరు కావాలా వద్దా అంటే ఇప్పటికీ నేను తేల్చుకోలేను.

కాబట్టి ఫైనల్స్ సీజన్‌కి ఐదుకి నాలుగున్నర ఇస్తాను, ఆ అర తగ్గించింది టికెట్ల సైటుకి. మరి మీకెలా ఉంటుందో నేను చెప్పలేను. నాది కొసరుతో ఓడి కొసరుతో గెలిచిన క్లబ్బు, నాకు ముచ్చటే. బ్రిస్బేన్ అభిమానిని అడగండి, 2024లో 60 పాయింట్ల తేడాతో, 2025లో 47 తేడాతో వరసగా రెండు కప్పులు కొట్టినవాడికి కొసరుతో పనేముంది. 2026 నుంచి పదో స్థానంలో ఉన్న క్లబ్బు దాకా ఫైనల్స్‌కి వైల్డ్‌కార్డ్ అవకాశం అంటున్నారు, అది నాకు కొసరులా కాదు, తూకంలోనే మోసంలా అనిపిస్తోంది, అయినా ఎలాగూ చూస్తాను. బీపీ ఉన్నవాళ్లు ప్రిలిమ్‌కి కాకుండా మొదటి వారం మ్యాచ్‌కి వెళ్లండి, మీ క్లబ్బు మొదటి నాలుగు స్థానాల్లో ఉంటే ఓడినా ఇంకో అవకాశం ఉంటుంది. పిల్లల్ని తీసుకెళ్తే పెన్నులు రెండు పెట్టుకోండి.