ఒకే లాప్‌టాప్‌లో విండోస్ 10, లైనక్స్ మింట్: ఒక డీటీపీ షాపు రివ్యూ

మాది విజయనగరం గంటస్తంభం దగ్గర చిన్న డీటీపీ షాపు. శుభలేఖలు, కర్మ కార్డులు, కరపత్రాలు, బిల్లు పుస్తకాలు చేస్తాం. పని మొత్తం పేజీలు కట్టే సాఫ్ట్‌వేరు పేజ్‌మేకర్, తెలుగు టైపింగుకి అను ఫాంట్ల మీదే. పేజ్‌మేకర్ 7.0 వచ్చింది 2001లో. అదే ఆఖరి వెర్షన్. అయినా నేను పనిచేసే ప్రెస్సుల వాళ్లు ఇప్పటికీ ఫైలు అందులోనే అడుగుతారు. అందుకని విండోస్ లేకుండా నాకు గడవదు.

మరి లైనక్స్ (విండోస్ లాంటిదే, ఉచితంగా దొరుకుతుంది, మింట్ అందులో ఒక రకం) దేనికంటే, విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ అప్‌డేట్లు ఇచ్చే గడువు 2025 అక్టోబరు 14తో ముగిసింది. నా లాప్‌టాప్‌లో ఉన్నది ఏడో తరం ఐ3 ప్రాసెసరు. ఇంటెల్‌లో విండోస్ 11కి ఎనిమిదో తరం నుంచే లెక్క, టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్పు కూడా ఉండాలి. సెక్యూరిటీ అప్‌డేట్లు ఇంకో ఏడాది పొడిగించుకునే దారి ఉంది గానీ అదీ 2026 అక్టోబరు దాకానే. ఎస్‌ఎస్‌డీ వేయించి, ర్యామ్ 8 జీబీ చేయించిన మిషను. పరిగెడుతున్నదాన్ని మూల పడేసి నలభై వేలు పోసి ఇంకోటి కొనడానికి చెయ్యి రాలేదు. ఆ ఏడు పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం అక్టోబరు 7, మంగళవారం. విండోస్ గడువు సరిగ్గా ఆ పై మంగళవారం. పండగ ఆర్డర్లు చేతిలో పెట్టుకుని మిషను ఎవరికీ ఇవ్వలేను కదా, సిరిమాను తిరిగాకే బయటికి తీశాను.

మొదట అడిగిన చోట "ఫార్మాట్ కొట్టేసి రెండూ ఫ్రెష్‌గా వేసేద్దాం మేడం" అన్నారు. అంటే పేజ్‌మేకర్, అను, ప్రింటర్ డ్రైవర్లు, కస్టమర్ల పాత ఫైళ్లు అన్నీ మళ్లీ మొదట్నుంచీ. దండం పెట్టి వచ్చేశాను.

పని చేసింది మూడు లాంతర్ల దగ్గర, మేడ మెట్లెక్కి వెళ్లే ఒక చిన్న గది రిపేరు షాపు. పేరు రాయొద్దని ఆ అబ్బాయే అన్నాడు. "ఒక్కణ్ణే ఉంటానక్కా, అందరూ ఒక్కసారి వచ్చీస్తే చెయ్యలేను" అని. అతను ముందు లాప్‌టాప్ తెరవనే లేదు. "డీ డ్రైవ్ అంతా బయట డిస్కులోకి ఎక్కించీయండి. డేటా పోతే నేనేటి తెచ్చీగలను?" అన్నాడు. మర్నాడు ఆ కాపీలోంచి రెండు మూడు ఫైళ్లు తన కళ్లముందు తెరిపించుకుని చూశాకే పని మొదలెట్టాడు. నాకు నమ్మకం కుదిరింది అక్కడే.

తర్వాత చేసినవన్నీ పక్కన కూర్చుని చూశాను. డిస్కుకి తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉందేమో చూశాడు. ఉంటే ఆ 48 అంకెల రికవరీ కీ చేతిలో లేకుండా ముందుకెళ్లకూడదట. నా దాంట్లో లేదు. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ తీసేశాడు. అది ఉన్నంతకాలం షట్‌డౌన్ కొట్టినా విండోస్ పూర్తిగా ఆగదు, సగం నిద్రలో ఉంటుంది. అప్పుడు లైనక్స్‌లోంచి విండోస్ డ్రైవులు తెరిస్తే చదవనిస్తాయి, రాయనివ్వవు. డీ డ్రైవ్ రెండింటికీ ఉమ్మడిగా వాడుకునే నాలాంటివాళ్లకి అసలు ప్రాణం ఇక్కడే ఉంది.

డీ డ్రైవ్‌లోంచి 80 జీబీ ఖాళీ చేయడం కూడా విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్‌లోనే చేశాడు. మింట్ వాళ్లు చెప్పే కనీసం 20 జీబీ, హాయిగా ఉండాలంటే 100. నాకు మధ్యస్థంగా సరిపోతుందన్నాడు. ఇన్‌స్టాల్ చేసే ముందు మింట్ 22ని పెన్‌డ్రైవ్ మీంచే కాసేపు నడిపించాడు. వైఫై పట్టింది, సౌండు వచ్చింది, టచ్‌ప్యాడ్ పనిచేసింది. ఏదైనా తేడా కొడితే డిస్కు ముట్టుకోకుండానే తెలిసిపోతుంది. ఈ మెట్టు చాలామంది ఎగ్గొడతారు.

ఇన్‌స్టాలర్ దగ్గర "పక్కనే వేసెయ్" అనే తేలిక దారి ఉన్నా, "సమ్‌థింగ్ ఎల్స్" నొక్కి ఖాళీ జాగా తనే చూపించాడు. అక్కడ ఈఎఫ్‌ఐ అని చిన్న పార్టిషన్ (డిస్కులో విడిగా ఉంచిన భాగం) ఒకటి ఉంటుంది. రెండు సిస్టమ్‌లు బూట్ అయ్యే ఫైళ్లు దాన్లోనే. దాని ఎదురుగా ఉన్న ఫార్మాట్ టిక్కు మీదికి మౌస్ తీసుకెళ్లి, "ఇది ఒక్కటి పెట్టీసినా మీ విండోస్ లేవదక్కా" అని నాకు చూపించి వెనక్కి వచ్చాడు.

తెచ్చుకుని పనిలో పడ్డాక ఎలా ఉందో ఇప్పుడు చెప్తాను. స్విచ్చి వేయగానే గ్రబ్ అనే నల్ల తెర వచ్చి ఏది కావాలో అడుగుతుంది. మామూలుగా పది సెకన్లు చూసి మింట్‌లోకి వెళ్లిపోతుంది. మా దగ్గర కంపోజింగ్‌కి వచ్చే అమ్మాయి ఆ పది సెకన్లలో టీ తాగడానికి లేస్తుంది. అందుకని కిందటిసారి ఏది ఎంచుకుంటే మళ్లీ అదే వచ్చేలా పెట్టించాను.

గడియారం సంగతి నాకు అసలు తెలియదు, అతను అడక్కుండానే సరిచేసి పంపాడు. మిషను లోపలి గడియారంలో లైనక్స్ గ్రీన్విచ్ టైము రాస్తుంది, విండోస్ దాన్ని ఇక్కడి టైమే అనుకుంటుంది. అలా వదిలేస్తే పొద్దున్న పదిన్నరకి విండోస్ తెరిస్తే అయిదు గంటలు చూపిస్తుంది. మామూలు ఇళ్లలో నెట్ తగలగానే సర్దుకుంటుందేమో గానీ, నేను విండోస్‌కి నెట్ ఇవ్వడమే మానేశాను. అది ఇప్పుడు తాళం వేసిన ఇనప్పెట్టె. పేజ్‌మేకర్ పని ఉన్నప్పుడే తెరుస్తాం. మెయిలు, వాట్సాప్, ఆన్‌లైన్ ఫారాలు, బ్యాంకు పనులు అన్నీ మింట్‌లోనే. మింట్ 22కి అప్‌డేట్లు 2029 దాకా ఉన్నాయి.

నాకు అన్నిటికన్నా సంతోషం కలిగించింది కీబోర్డు. ఇన్నేళ్లూ అనులో యాపిల్ అనే కీబోర్డు లేఅవుట్ మీద పరిగెత్తిన వేళ్లు ఇవి, ఇన్‌స్క్రిప్ట్ అనే ఇంకో లేఅవుట్ నేర్చుకోమంటే మొరాయిస్తాయి. మింట్‌లో ఐబస్ అనే టైపింగు సాధనం, దానికి ఎం17ఎన్ ప్యాకేజీ వేసుకుంటే తెలుగు కింద ఆర్‌టీఎస్, పోతన, ఇన్‌స్క్రిప్ట్‌తో పాటు యాపిల్ కూడా కనిపించింది. కొన్ని ఒత్తుల దగ్గర చెయ్యి ఇంకా తడబడుతోంది, మిగతాదంతా అలవాటైన దారే. ఫోన్లలో, నెట్‌లో కనిపించే యూనికోడ్ తెలుగులో అడిగేవాళ్లకి ఇప్పుడు లిబ్రే ఆఫీస్‌లో నేరుగా కొట్టి ఇచ్చేస్తున్నాను.

ఇక కష్టం ఎక్కడంటే, మా పనికి మేటర్ వచ్చేది వాట్సాప్‌లో, కట్టేది పేజ్‌మేకర్‌లో. అది మింట్‌లో, ఇది విండోస్‌లో. పెళ్లివారు ఎదురుగా కూర్చుని "ముహూర్తం మార్చి పంపాను, చూడమ్మా" అన్నప్పుడల్లా ఒకటి మూసి ఇంకోటి తెరవాలంటే ప్రాణం విసుగెత్తిపోతుంది. పైగా యూనికోడ్ మేటర్‌ని తెచ్చి పేజ్‌మేకర్‌లో పడేస్తే ప్రశ్నార్థకాలే కనిపిస్తాయి. అనులో కొట్టినదాన్ని మింట్‌లో తెరిస్తే పిచ్చి ఇంగ్లీషు. కన్వర్టర్‌లో వేసి డీ డ్రైవ్‌లో దాచుకోవడం, ప్రూఫు పీడీఎఫ్‌గా చేసి పంపడం అలవాటు చేసుకున్నాం. మేటర్లన్నీ పొద్దున్న దింపుకుని మధ్యాహ్నం నుంచి కంపోజింగ్‌లో కూర్చుంటే సగం బాధ తగ్గింది. అర్జెంటు కరెక్షన్లు ఫోన్లోనే చూసి కొట్టేస్తాను. విండోస్ ప్రోగ్రాములని లైనక్స్‌లో నడిపే వైన్ పెట్టి పేజ్‌మేకర్‌ని మింట్‌లోనే నడపొచ్చు కదా అన్నారొకరు. పొట్టపోసుకునే మిషను మీద ప్రయోగాలు నా వల్ల కాదు.

నా పాత లేజర్ ప్రింటరు మింట్‌లో కదల్లేదు. కొత్త ఇంక్ ట్యాంక్ ప్రింటరు మాత్రం వైరు పెట్టగానే డ్రైవరు కూడా అడక్కుండా పేజీ కక్కింది. ఆధార్ జిరాక్సులూ, ఫారాలూ దాన్లో. పాతదానికి విండోస్‌లోకే వెళ్తున్నాం.

సర్వీసుకి నేను అయిదుకి అయిదు ఇస్తాను. ఆరు వందలు తీసుకున్నాడు, పెన్‌డ్రైవ్ నాదే. డబ్బుల కన్నా, ఏం చేశాడో ఒక కాగితం మీద వరసగా రాసిచ్చాడు, ఏ పార్టిషన్ దేనికో సహా. అది లాప్‌టాప్ బ్యాగులోనే పెట్టాను. ఒకే మిషనులో రెండూ పెట్టుకునే ఈ డ్యూయల్ బూట్‌కి మాత్రం నా వాడకం మీద మూడున్నర. రోజుకి ఒకటి రెండుసార్లు మారేవాళ్లకి బంగారం. గంటగంటకీ అటూ ఇటూ మారాల్సినవాళ్లు ఇంకో పాత డెస్క్‌టాప్ కొనుక్కుని అందులో లైనక్స్ పెట్టుకోవడం నయం. టాలీ, పేజ్‌మేకర్ లాంటివేవీ లేకుండా నెట్, టైపింగుతో సరిపోయేవాళ్లకి అసలు రెండెందుకు, మింట్ ఒక్కటే వేయించుకోండి.

వెళ్లేవాళ్లు ఛార్జరు కూడా పట్టుకెళ్లండి. బ్యాటరీని నమ్మి పార్టిషన్ జోలికి వెళ్లడు, కరెంటు తీస్తే వచ్చేదాకా ఆగమంటాడు. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా షట్టరు వేసి ఉంటుంది. మంగళవారం సెలవు.