బెంగళూరులో డిజిటల్ స్టోరీటెల్లింగ్ వర్క్‌షాప్: మొదటి రోజు సూపర్, రెండో రోజు అంతంతమాత్రం

డొమ్లూరు సైడు శని ఆదివారాల్లో ఒక ఎన్జీవో పెట్టే వర్క్‌షాప్‌కి వెళ్ళొచ్చాను, తిట్టేవి కూడా ఉన్నాయి కాబట్టి పేరు రాయట్లా. మూడు స్టార్లు, అందులో రెండున్నర శనివారానికే.

రీల్స్ ఎడిటింగ్ నేర్పిస్తారేమో అని వచ్చినవాళ్ళే ఎక్కువ, ఫోన్లు లోపల పెట్టించి గుండ్రంగా కూర్చోబెట్టేసరికి మొహాలు మాడిపోయాయి. స్టోరీ సర్కిల్ అంటారు దీన్ని. డిజిటల్ స్టోరీటెల్లింగ్ అనేది 1990ల్లో కాలిఫోర్నియాలో జో లాంబర్ట్, డానా ఆచ్లీ వాళ్ళు మొదలెట్టిన పద్ధతి, లెక్క సింపుల్: నీ కథ, నీ గొంతు, నీ దగ్గరున్న ఫొటోలు, రెండు మూడు నిమిషాల వీడియో, స్క్రిప్టు ఓ 250 పదాలు. వినేవాళ్ళు సలహాలు ఇవ్వకూడదు, ముందు వినాలంతే. మనవాళ్ళకి ఇదే కష్టం.

మా సర్కిల్‌లో ఒక పౌరకార్మికురాలు అక్క ఉంది, అనంతపురం వైపు నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం (ఈ ఊళ్ళో రోడ్లూడ్చేవాళ్ళలో తెలుగోళ్ళు చాలామందే కదా). ఆమె పెద్ద పెద్ద కష్టాలేం చెప్పలా, రోజూ ఊడ్చే వీధిలో మంచినీళ్ళడిగితే ఒకింటివాళ్ళు వాడి పారేసే కప్పులో పోసిచ్చి, ఆ కప్పు కూడా నువ్వే చెత్తలో వేసుకో అన్నారంట, అంతే కథ. నేర్పించే అమ్మాయి వెనకాల వీణ మ్యూజిక్ పెడదాం అంది. అక్క "వద్దు పాపా, పొరక చప్పుడే పెట్టు" అంది. చివరికి అదే పెట్టారు, అన్నింట్లోకీ ఆ వీడియోనే బాగొచ్చింది.

ఆదివారం మాత్రం హడావుడి. వాయిస్ రికార్డింగ్‌కి ఇచ్చిన రూమ్ మెయిన్ రోడ్డు పక్కన, హారన్లు ఫ్రీ. ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టి దుప్పటి కప్పుకుని మాట్లాడితే గది గోల తగ్గుతుంది అన్న చిట్కా ఒక్కటి పనికొచ్చింది. ఎడిటింగ్ యాప్‌లో తెలుగు సబ్‌టైటిల్స్ పెడితే ఒత్తులన్నీ విడిపోయి "కార్మికులు" కాస్తా "కార్ మికులు" అయిపోయింది, వాళ్ళ దగ్గర సమాధానం లేదు, చిత్తూరు కుర్రాడొకడు టెక్స్ట్‌ని పీఎన్‌జీ బొమ్మగా చేసి పైన అతికించి చూపించాడు. ఫీజు అతనికివ్వాల్సింది.

అసలు కోపం వేరే ఉంది. బ్యానర్ మీద సోషల్ చేంజ్ అని ఇంత పెద్దక్షరాల్లో రాసుకుని, వీడియో తయారయ్యాక ఎవరికి చూపించాలి, చూసినవాళ్ళు ఏం చెయ్యాలి అన్నదానికి ఒక్క స్లైడు, అదీ లంచ్ ముందు. ఊళ్ళలోని మామూలు జనాల చేతే వీడియోలు తీయించే వీడియో వాలంటీర్స్ అనే సంస్థ వాళ్ళని చూడండి, సమస్య చూపించి ఊరుకోరు, ఫలానా ఆఫీసర్‌కి ఫోన్ చెయ్యండి అని చివర్లో నంబర్ కూడా చెప్తారు. మన జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డీడీఎస్ (డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ) దళిత మహిళలు వరంగల్ బీటీ పత్తి రైతుల పొలాలకి మళ్ళీ మళ్ళీ వెళ్ళి సినిమాలు తీశారు, 2008 నుంచి సంఘం రేడియో కూడా నడిపారు. అంత దూరం ఎందుకు, పక్కనే కోలార్ జిల్లా బూదికోటలో, ఎన్జీవోలకి రేడియో లైసెన్సులివ్వని రోజుల్లోనే (2006లో గానీ వాటికి అనుమతి రాలేదు) కేబుల్ వైర్ల మీద ఊరి రేడియో నడిపారు. ఇవేవీ స్లైడ్లలో లేవు, అన్నీ అమెరికా ఉదాహరణలే.

కన్సెంట్ ఫారం ఇంగ్లీషులో ఒక్క పేజీ. అక్కకి కన్నడంలో గబగబా చెప్పేసి సంతకం పెట్టించుకున్నారు. వీడియో ఎక్కడెక్కడ వేస్తారు, రేపు వద్దంటే తీసేస్తారా అని అడిగితే "మెయిల్ చేస్తాం" అన్నారు, ఆమెకి మెయిల్ ఎక్కడుంది? ఆ మెయిల్ నాకూ రాలేదు లెండి.

టీచర్లు, సంఘాల్లో పనిచేసేవాళ్ళు అయితే ఆ సర్కిల్ కోసం వెళ్ళండి. ఎడిటింగ్ ఒక్కటే కావాలంటే యూట్యూబ్ చాలు. లంచ్ బిసిబేళెబాత్, బానే ఉంది. హెడ్‌ఫోన్స్ మాత్రం మీవే తీసుకెళ్ళండి, వాళ్ళిచ్చేవి ఒక చెవే పనిచేస్తాయి.