చిన్న ఓటీజీలో యాపిల్ క్రంబుల్: ఆర్నెల్లు వాడాక చెప్తున్నా

28 లీటర్ల ఓటీజీ ఇది, అంటే కరెంటుతో నడిచే చిన్న ఓవెన్, బ్రాండ్ పేరు వద్దులెండి. కొని ఆర్నెల్లయింది, కేకుల కంటే దీన్లో నేను ఎక్కువసార్లు చేసింది యాపిల్ క్రంబులే (యాపిల్ ముక్కల మీద మైదా, వెన్న, చక్కెర నలిపిన పొడి చల్లి బేక్ చేసే స్వీటు), కాబట్టి ఆ లెక్కలోనే చెప్తా.

మొదటిసారి డయల్ 180 దగ్గర పెట్టి, పది నిమిషాలు ప్రీహీట్ చేసి ట్రే పెట్టా. పావుగంటకే పైన బంగారు రంగొచ్చేసింది, ఇల్లంతా దాల్చినచెక్క వాసన, అబ్బ ఎంత ఈజీ అనుకుని 20 నిమిషాలకే తీసేశా. స్పూన్ దింపితే కింద ముక్కలు కరకరలాడుతూ పచ్చిగా, చుట్టూ నీళ్లు. పైన పటారం లోన లొటారం అంటారే, సరిగ్గా అదే.

రెసిపీలో తప్పేమో అని రెండుసార్లు మార్చి చూశా, ఆఖరికి ఓవెన్ లోపల పెట్టే థర్మామీటర్ కొంటే అసలు సంగతి బయటపడింది. డయల్ 180 అంటోంది, లోపల 205 దాకా పోతోంది! కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే కాస్త అటూ ఇటూ మామూలేనండీ అన్నారు. 25 డిగ్రీలు కాస్తా? పైగా చిన్న ఓవెన్ కదా, పై రాడ్‌కీ ట్రేకీ మధ్య జానెడు కూడా ఉండదు, అందుకే పండు ఉడికేలోపు పైది మాడిపోతుంది.

ఇప్పుడు డయల్ 160 దగ్గరే పెట్టి, ట్రే కింది అరలో పెట్టి, మొదటి 25 నిమిషాలు కింది రాడ్ ఒక్కటే, తర్వాత రెండూ. మొత్తం 40-45 నిమిషాలు పడుతుంది, అయినా టైమ్ చూసి తీయను, అంచుల్లో రసం చిక్కగా బుడగలు రావాలి, ఎందుకంటే ముక్కల్లో కలిపిన కార్న్‌ఫ్లోర్ బాగా మరిగితేనే చిక్కబడుతుంది, లేకపోతే మళ్లీ ఆ నీళ్లే. లోపల లైట్ ఉంది కాబట్టి తలుపు తీయకుండానే ఆ బుడగలు కనిపిస్తాయి, ఈ ఓవెన్లో నాకు బాగా నచ్చింది ఇదే.

ఓవెన్‌కి సంబంధం లేదు గానీ పైపొడి గురించి చెప్పకుండా ఉండలేను. మైదా 150 గ్రాములు, వెన్న 75, చక్కెర 75. వెన్న ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసి వేళ్ల కొసలతో నలపాలి, అరచేతిలో పిసికితే కరిగి ముద్దయిపోతుంది, ఇక పొడిపొడిగా రాదు. యాపిల్స్ పుల్లగా ఉన్నవే తీసుకోండి, తియ్యటివైతే నిమ్మరసం కాస్త ఎక్కువ పిండండి.

మైనస్‌లు ఇంకా ఉన్నాయి. బయటి బాడీ చెయ్యి పెట్టలేనంత కాలుతుంది, ఇంట్లో చిన్నపిల్లలుంటే జాగ్రత్త. ఫ్యాన్ ఆన్ చేస్తే ఒకటే గోల, క్రంబుల్‌కి అది లేకపోయినా నడుస్తుంది. ఇంకోటి, ఫ్రిజ్‌లోంచి తీసిన గాజు ట్రేని తిన్నగా వేడి ఓవెన్లో పెడితే నాది టప్‌మని పగిలింది, అది మాత్రం నా తొందరే, ఓవెన్ తప్పు కాదు.

ఐదుకి మూడున్నర ఇస్తా, డయల్ కరెక్ట్‌గా చూపించుంటే నాలుగున్నర ఇచ్చేదాన్ని. దించాక 15 నిమిషాలు ఆగితే రసం ఇంకా గట్టిపడి బాగుంటుంది, కానీ అన్నిసేపు ఆగడం మా ఇంట్లో ఇంతవరకూ ఎవరివల్లా కాలేదు.