బ్రెకెన్‌రిడ్జ్ వెళ్తున్నారా? మొదటి రెండు రోజులూ ఖాళీగా ఉంచుకోండి

డల్లాస్ ఎండలు భరించలేక జులై మూడో వారంలో కొలరాడోలోని బ్రెకెన్‌రిడ్జ్‌కి ఐదు రోజులు వెళ్ళొచ్చాం. నేను, మా ఆయన, తొమ్మిదేళ్ళ బాబు, మా తమ్ముడు, గుంటూరు నుంచి వచ్చిన అత్తయ్య, మామయ్య. ఆ ఊరే 9,600 అడుగుల ఎత్తులో ఉంది. పొద్దున డెన్వర్‌లో విమానం దిగి, 11,000 అడుగుల పైన ఉన్న ఐసెన్‌హోవర్ టన్నెల్ దాటి మధ్యాహ్నానికి ఊళ్ళోకి చేరాం, అక్కడితో ఆగకుండా సాయంత్రం సఫైర్ పాయింట్‌కి కూడా అందరం వెళ్ళాం. ఆ ఎత్తుకి ఒళ్ళు అలవాటు పడకముందే తిరిగాం, తప్పంతా అక్కడే జరిగింది.

సఫైర్ పాయింట్ మంచి చోటు. అర మైలు పైచిలుకు దారి, పెద్ద ఎక్కుడు లేదు, కింద డిల్లన్ రిజర్వాయర్, దాని వెనక కొండలు. పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళకి ఇంతకంటే తేలికైంది దొరకదు, కానీ దిగిన రోజు మాత్రం వద్దు. ఆ రాత్రి అత్తయ్యకి తలనొప్పి మొదలైంది, తిన్నది కడుపులో నిలవలేదు. "ఏం లేదమ్మా, ప్రయాణం బడలిక, పడుకుంటే పోతుంది" అన్నారు, మేమూ అదే అనుకున్నాం. తెల్లారేసరికి బాత్రూమ్ దాకా నడిచినా ఆయాసం. క్లినిక్‌కి తీసుకెళ్తే వేలికి మిషన్ పెట్టి చూసి, కాసేపు ఆక్సిజన్ ఇచ్చి, వెంటనే కిందికి దించమన్నారు. మా ఆయన అత్తయ్య, మామయ్యల్ని డెన్వర్ తీసుకెళ్ళి హోటల్లో ఉంచారు. డెన్వర్ 5,280 అడుగులే. ఆ సాయంత్రమే అత్తయ్య ఇడ్లీ ఎక్కడ దొరుకుతుందని అడిగారట, అది విన్నాక గానీ నా టెన్షన్ తగ్గలేదు.

అందుకే గట్టిగా చెప్తున్నాను. తలనొప్పితో పాటు వికారం, నిద్ర పట్టకపోవడం ఉంటే బడలిక అని సరిపెట్టుకోవద్దు, ఇంకా పైకి అసలు వెళ్ళొద్దు. కూర్చున్నా ఆయాసం వస్తున్నా, అడుగు తడబడుతున్నా, మాట పొంతన తప్పుతున్నా అర్ధరాత్రయినా సరే 911కి ఫోన్ చేసి, కిందికి దించే ఏర్పాటు చూడాలి. బీపీ, షుగర్ మందులు వాడేవాళ్ళు బయల్దేరే ముందే డాక్టర్‌ని అడగాలి, ఎత్తు వల్ల వచ్చే జబ్బుకి ముందుజాగ్రత్తగా వాడే ఎసిటజోలమైడ్ మాత్ర పడుతుందో లేదో ఆయనే చెప్తారు.

మూడో రోజు మేం ముగ్గురం ఊళ్ళోనే తిరిగాం. చెక్కతో చేసిన ఐజాక్ హార్ట్‌స్టోన్ అనే పెద్ద ట్రోల్ (కథల్లో వచ్చే రాక్షసుడి లాంటిది) బొమ్మ దాకా చిన్న దారి ఉంది, బాబు అక్కణ్ణుంచి కదల్లేదు. ఊళ్ళో ఫ్రీ రైడ్ బస్సులు, గొండోలా (తీగ మీద నడిచే కేబుల్ కారు) రెండూ ఉచితమే, కారు తియ్యాల్సిన పనే పడలేదు.

నాలుగో రోజు మోహాక్ లేక్స్. స్ప్రూస్ క్రీక్ దగ్గర మొదలుపెడితే రానుపోను ఏడు మైళ్ళ పైమాటే. పొద్దున ఆరింటికే నడక మొదలెట్టాం. దారంతా పూలు, పాత గని పనివాళ్ళ చెక్క గుడిసెలు, ఆ పైన కాంటినెంటల్ ఫాల్స్. నేను చూసినవాటిలో ఇదే గొప్ప దారి. పదిన్నరకి కింది సరస్సు కాస్త దూరంలో ఉందనగా పడమర మబ్బులు కమ్మాయి. "ఇంకో పావుగంటే కదక్కా" అన్నాడు తమ్ముడు. పిల్లాడు పక్కనున్నాడు, పైన చెట్టన్నది లేదు, నేను ఒప్పుకోలేదు. కారు దగ్గరికి వచ్చి తలుపులు వేసుకోగానే వడగళ్ళు, వెంటవెంటనే పిడుగులు. జులై, ఆగస్టుల్లో అక్కడ మధ్యాహ్నాలు చాలావరకు ఇంతే, పన్నెండు కొట్టేసరికి చెట్లు పెరగడం ఆగిపోయే ఎత్తు కంటే కిందికి దిగి వచ్చెయ్యాలి. వాగుల పక్క పొదల్లో మూస్ (గుర్రమంత పెద్ద దుప్పి లాంటి జంతువు) కనిపిస్తే ఫోటో కోసం దగ్గరికి పోవద్దు, మీదికొస్తే పెద్ద చెట్టు చాటుకి వెళ్ళాలి.

14,265 అడుగుల క్వాండరీ పీక్‌కి పార్కింగ్ ముందే బుక్ చేసుకున్నాం (వేసవిలో బుకింగ్ లేకపోతే ఊళ్ళోంచి షటిల్ ఎక్కాలి), కానీ అత్తయ్య పరిస్థితి చూశాక మానుకున్నాం.

ఇంకొక మాట. కొండ మీద ఇరుక్కుంటే బిల్లు వేలల్లో వస్తుందేమోనన్న భయంతో ఫోన్ చెయ్యకుండా ఉండిపోకండి. అక్కడి సమిట్ కౌంటీ రెస్క్యూ గ్రూప్ వాళ్ళు వాలంటీర్లు, కాపాడినందుకు డబ్బు తీసుకోరు. అంబులెన్స్, ఆసుపత్రి ఖర్చులు వేరు.

బస మాత్రం నచ్చలేదు. మేం తీసుకున్న కాండో (అద్దె అపార్ట్‌మెంట్) మూడో అంతస్తులో ఉంది, లిఫ్ట్ లేదన్న సంగతి ముందు చెప్పలేదు. ఆ ఎత్తులో సూట్‌కేసుతో మూడంతస్తులు ఎక్కడం పెద్దవాళ్ళకి ఎంత కష్టమో చూశాం. బుక్ చేసే ముందు అడిగి తెలుసుకోండి. వంటిల్లుంది గానీ కుక్కర్ లేదు, నీళ్ళు అక్కడ 90 డిగ్రీల దగ్గరే మరుగుతాయి కాబట్టి అన్నం పలుకుగానే ఉంది, కందిపప్పు ఎంతసేపు పెట్టినా ఉడకలేదు. చిన్న కుక్కర్ తీసుకెళ్ళండి.

వచ్చే జులైలో మళ్ళీ వెళ్తున్నాం. ఈసారి మొదటి రెండు రాత్రులూ డెన్వర్‌లోనే బుక్ చేశాను, అత్తయ్యకి ఫోన్‌లో చెప్తే "ఆ ట్రోల్ బొమ్మ దాకా నేనూ నడుస్తాను" అన్నారు.