పదో తరగతి లెక్కల పాత ప్రశ్నపత్రాల పుస్తకం: కొన్నేళ్లు వాడాక నా మాట

రాజోలు దగ్గర మా ఊళ్లో సాయంత్రాలు పదో తరగతి పిల్లలకు లెక్కలు చెబుతాను. పాత పబ్లిక్ పేపర్లు, మోడల్ పేపర్లు జవాబులతో కలిపి వేసే పుస్తకం ఒకటి ఏటా తెప్పిస్తున్నాను. ఆల్జీబ్రా వరకు చెప్పాలంటే, ప్రశ్నల కోసం నిక్షేపంగా కొనుక్కోవచ్చు. వెనక ఇచ్చిన జవాబులతోనే పిల్లవాడు నేర్చేసుకుంటాడనుకుంటే మాత్రం కుదరదు.

ముందు మంచి. పరీక్ష 100 మార్కులకు, 33 ప్రశ్నలు, 3 గంటల 15 నిమిషాలు. ఒక మార్కువి 12, రెండు మార్కులవి 8, నాలుగు మార్కులవి 8, ఎనిమిది మార్కులవి 5. వరసగా నాలుగైదు పేపర్లు గడియారం పెట్టుకుని చేస్తే ఎక్కడ ఎంతసేపు ఆగాలో చేతికే అలవాటవుతుంది. వర్గ సమీకరణానికి విచక్షణి, అంటే బీ స్క్వేర్ మైనస్ 4 ఏసీ, కట్టి మూలాల స్వభావం చెప్పమనే లెక్క మీద పావుగంట కూర్చునే పిల్లలు ఆ అలవాటు మానేశారు. ఈ మేలు పాఠ్యపుస్తకం ఒక్కదానితో రాదు.

ఇక మాటల లెక్కలు. పడవ లెక్క తీసుకోండి. నిలకడ నీటిలో పడవ వేగం గంటకు 12 కిలోమీటర్లు. 16 కిలోమీటర్లు ఏటివాలుగా పోవడం కన్నా ఎదురు రావడానికి గంట ఎక్కువ పట్టింది. ప్రవాహ వేగమెంత? సఖినేటిపల్లి రేవులో పంటు, అంటే గోదారి దాటించే పెద్ద పడవ, ఎక్కి నరసాపురం వెళ్లొచ్చే పిల్లలకు ఏటివాలు, ఎదురు అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. అయినా సమీకరణం దగ్గర కలం ఆగిపోతుంది. ఇలాంటి లెక్కకు ఈ పుస్తకంలో జవాబు మొదటి లైనులోనే సమీకరణంతో మొదలవుతుంది. అదెలా వచ్చిందో ఒక్క ముక్క ఉండదు.

మొన్న ఒకమ్మాయి నోటుబుక్కు పట్టుకొచ్చింది. "మాస్టారూ, నాకు 36 వచ్చిందండి. తిరిగి వేసి చూసినా సరిపోతోందండి. తప్పెక్కడుందండి?"

ప్రవాహ వేగం ఎక్స్ అనుకుని, ఏటివాలు సమయంలోంచి ఎదురు సమయం తీసేసి ఒకటికి సమానం చేసింది. అప్పుడు ఎక్స్ స్క్వేర్ మైనస్ 32 ఎక్స్ మైనస్ 144 వస్తుంది, మూలాలు 36, మైనస్ 4. నిజానికి ఎక్కువ పట్టేది ఎదురు ప్రయాణం కాబట్టి అది ముందు రాయాలి. అప్పుడు ఎక్స్ స్క్వేర్ ప్లస్ 32 ఎక్స్ మైనస్ 144, మూలాలు 4, మైనస్ 36. తప్పు సమీకరణంలో 36 వేస్తే సరిపోక ఏం చేస్తుంది? దాన్లోంచే వచ్చింది కదా. సరిచూడాల్సింది ఏటి మీద. 36 వేగంతో పారే నీటికి 12 వేగం పడవ ఎదురెళ్లగలదా? అదే 4 అయితే వాలుకు గంట, ఎదురుకు రెండు గంటలు, తేడా గంట. ఈ రెండు లైన్లు ప్రతి మాటల లెక్క కిందా అచ్చేసి ఉంటే ఎంతమంది పిల్లలు బాగుపడేవారో. వర్గ సమీకరణాలంటే భయపడే పిల్లలు చాలామందికి కారణాంకాలు బాగానే వచ్చు. వాళ్ల భయమంతా ఈ మొదటి లైను గురించే.

సిలబస్ సంగతి కూడా చూసుకోవాలి. 2024-25 నుంచి మన ఆంధ్రప్రదేశ్‌లో పదో తరగతికి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు వచ్చాయి. అంతకుముందు పేపర్లలో సమితులు, సంవర్గమానాలు, గుణశ్రేఢులు ఉంటాయి. ఇప్పుడవి లేవు. పుస్తకం ఆ ప్రశ్నల పక్కన ఏ గుర్తూ పెట్టలేదు. నేను పిల్లలకిచ్చే ముందు పెన్సిలుతో కొట్టేస్తాను. బహుపదులు, రేఖీయ సమీకరణాల జతలు, వర్గ సమీకరణాలు, అంకశ్రేఢుల లెక్కలు మాత్రం చాలావరకు పాతవైనా పనికొస్తాయి.

అచ్చు సన్నం. మైనస్ గుర్తులు కొన్నిచోట్ల ఆనవు, ఆల్జీబ్రాలో అది చిన్న లోపం కాదు. గ్రాఫు కాగితాలు విడిగా కొనుక్కోవాలి. ఇంట్లో చెప్పేవాళ్లెవరూ లేని పిల్లలకైతే ముందు పాఠ్యపుస్తకంలో చేసి చూపిన ఉదాహరణలన్నీ రాయించండి. ఈ పుస్తకం సంక్రాంతి సెలవుల తర్వాత చేతికిచ్చినా సరిపోతుంది. ఇచ్చేటప్పుడు జవాబుల పేజీలు కుట్టు దగ్గర విడదీసి మీ దగ్గరే ఉంచుకోండి.